సుద్దముక్క సంతకం

"దాదా, జరా ఖోల్‌కే దిఖాయియే!"

గోల్‌బజార్ కంప్యూటర్ షాపాయనకి తాగుతున్న టీ పొలమారింది. పొద్దున్నించీ వచ్చినవాళ్ళందరూ కంప్యూటర్ ఆన్ చేసి చూపించమన్నారు. విప్పి చూపించమన్నవాడు నూకరాజు ఒక్కడే.

"విప్పడమా? సీల్ ఉన్న కొత్త మాలుని?" అన్నాడు షాపాయన హిందీలో.

"లోపల ఏముందో చూడకుండా ఎలా కొంటాను?" అన్నాడు నూకరాజు తాపీగా. అనడమే కాదు, చొక్కా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ కూడా తీశాడు.

పక్కనే నిలబడ్డ వసంతకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. షాపులో ఉన్న నలుగురూ వాళ్ళ నాన్నవైపే చూస్తున్నారు.

నూకరాజు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఏ వస్తువైనా తన చేత్తో ఒకసారి విప్పి మళ్ళీ బిగిస్తే తప్ప అది తమ ఇంటిదని ఆయనకి నమ్మకం కుదరదు. ఇంట్లో రేడియో అలాగే విప్పాడు, టీవీ విప్పాడు, వసంత సైకిలైతే కొన్న రోజే ముక్కలు ముక్కలుగా వరండాలో పరిచాడు. ఆ ఏడాది రైల్వేవాళ్ళందరికీ పే కమిషన్ ఎరియర్స్ వచ్చాయి. క్వార్టర్స్ లైనులో ఒకరు ఫ్రిజ్ కొన్నారు, ఒకరు స్కూటర్ కొన్నారు. "మా గుంట క్లాసులో ఫస్టొచ్చింది, దానికి కంప్యూటర్ కొంతాను" అని నూకరాజు వర్క్‌షాపంతా చెప్పుకుని వచ్చాడు.

షాపాయన కంప్యూటర్ పెట్టె వెనక్కి తిప్పి, స్క్రూ మీద అంటించిన వెండిరంగు కాగితం చూపించాడు. "ఇది చిరిగితే గ్యారంటీ పోతుంది. కంపెనీ రూలు."

నూకరాజు ఆ కాగితాన్ని కాసేపు చూసి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకున్నాడు. "పద" అన్నాడు కూతురితో.

"అదేటి నాన్నా! కొనమా?" వసంత కౌంటరు దగ్గర్నించి కదల్లేదు.

"విప్పకూడని వస్తువుని ఇంట్లో ఎట్టుకుని ఏటి సేస్తాం? దండం ఎట్టుకోడానికా?"

వసంత దిగులుకి ఇంకో కారణం ఉంది. సుభాష్‌పల్లిలో ఉండే మౌషుమి ఆమె క్లాస్‌మేట్. మౌషుమి మామయ్య ఇంట్లో కంప్యూటర్ ఉంది. అందులో కార్ల పందెం ఆట ఉంది. మొన్నొకసారి వసంతని తీసుకెళ్ళి సరిగ్గా ఐదే ఐదు నిమిషాలు ఆడనిచ్చింది. ఆ ఉక్రోషంలో వసంత, "మా ఇంటికి ఇంతకన్నా పెద్దది వస్తోంది. కంపెనీది!" అని గొప్పలు పోయింది. ఇప్పుడేమో నాన్న ఒట్టి చేతులతో ఇంటికి తీసుకెళ్తున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం శ్యామల వచ్చింది. శ్యామలది కరీంనగర్. హిజ్లీలో పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది. ఆరు నెలల క్రితం రైల్వే గేటు దగ్గర సైకిల్ చైను ఊడిపోయి, "అబ్బ, ఏం లొల్లిరా ఇది!" అని విసుక్కుంటుంటే నూకరాజు చెవిన పడింది. చైను ఎక్కించి, "మన తెలుగమ్మాయివేటి?" అని ఇంటికి తీసుకొచ్చాడు. అప్పట్నించీ ప్రతి ఆదివారం ఆమె భోజనం ఇక్కడే. వసంత వాళ్ళమ్మ సత్యవాణి పెట్టే చేపల పులుసు కోసం తను ఎండలో ఎంత దూరమైనా సైకిల్ తొక్కుతానని శ్యామల పైకే చెప్పేది.

"కంప్యూటర్ల ఏం చేస్తవ్ వసంతా?" అని అడిగింది శ్యామల, షాపు సంగతంతా విని, పులుసన్నం కలుపుకుంటూ.

"కార్ల ఆట ఆడతాను" అంది వసంత. అమ్మ చూస్తున్నట్టు గమనించి, "సదువుకుంతాను కూడాను" అని చేర్చింది.

శ్యామల నవ్వింది. "ఆ షాపుల చూసిన కంపెనీది చదువుకైతే సరిపోతది. ఆటకు సరిపోదు. ఆట బొమ్మల కోసం వేరే కార్డు ఉంటది, అది దాంట్ల లేదు. అందుల నీ కారు ఎడ్లబండి లెక్క పోతది."

"మరెలాగమ్మా?" అన్నాడు నూకరాజు.

"సామాను తెచ్చి మనమే కట్టుకుందం బాబాయ్. మా హాస్టల్ల నేను నాలుగు కట్టిన. అవే పైసలకు ఆ కార్డు గూడ వస్తది. కాకపోతే ఒక్క మాట. రేపు ఏదన్న పాడైతే అడుగుదమంటే కంపెనీ ఉండదు. మనమే ఉంటం."

"మనముంటే సాలదేటి?" అన్నాడు నూకరాజు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మీకు ఇప్పడానికి ఏటీ దొరక్కపోతే నన్నడగండి. మిక్సీ వారం నుంచి తిరగట్లేదు" అంది సత్యవాణి.

అందరూ నవ్వారు, వసంత తప్ప. రంగురంగుల అట్టపెట్టె రాదు. ముందు మెరిసే కంపెనీ పేరు ఉండదు. అతుకుల బొంతలాంటి కంప్యూటర్ వస్తుంది. మౌషుమికి ఏం చెప్పాలి? ఆ పూట వసంత పులుసు కూడా సరిగ్గా తినలేదు.

తరువాతి వారం నూకరాజు, శ్యామల లోకల్ రైల్లో కలకత్తా వెళ్ళి, రెండు సంచుల నిండా సామాను తెచ్చారు. ఆదివారం పొద్దున్నే ముందుగదిలో తెల్లలుంగీ పరిచి, వర్క్‌షాపులో పరిచినట్టే నూకరాజు ఒక్కో వస్తువునీ వరసగా పెట్టాడు. ముందు బిగించేది ముందు, తర్వాత బిగించేది తర్వాత.

"ముందు అందరు కిటికీ ఊచలు ముట్టుకోండి" అంది శ్యామల. "మన ఒంట్ల చిన్న కరెంటు ఉంటది. అది ఇనుము లోకి పోవాలె. లేకుంటే ఈ పలకలు ఖరాబైతయి."

ముగ్గురూ పోయి బుద్ధిగా కిటికీ పట్టుకుని నిలబడ్డారు. రోడ్డు మీద పోయేవాళ్ళు వింతగా చూశారు.

నూకరాజుది రైలుపెట్టెల కింద పెద్ద పెద్ద బోల్టులు బిగించిన చెయ్యి. మొదటి స్క్రూకే మణికట్టు తిప్పి పట్టు పట్టబోయాడు.

"బాబాయ్! బాబాయ్! ఇది రైలుపెట్టె గాదు!" శ్యామల కేకేసింది. "రెండు వేళ్ళతోటి చాలు."

"ఇంత సుతారమేటమ్మా దీనికి!" అని నూకరాజు రెండు వేళ్ళతో ఊపిరి బిగబట్టి తిప్పాడు. పాతికేళ్ళ సర్వీసున్న ఫిట్టరు నుదుటి మీద చెమట పట్టింది. వసంతకి నవ్వొచ్చింది.

"నువ్వు రా" అని శ్యామల ఆమె చేతిలో ఒక సన్నటి పలక పెట్టింది. "దీన్ని ర్యామ్ అంటరు. ఈ గాడిల నిలబెట్టి, రెండు దిక్కుల సమానంగ నొక్కు. భయపడకు."

వసంత నొక్కింది. కదల్లేదు. ఇంకొంచెం నొక్కింది.

టక్!

రెండు పక్కలా ఉన్న చిన్న కొక్కేలు వాటంతటవే వచ్చి పలకని పట్టుకున్నాయి. ఆ చప్పుడు వసంత వేళ్ళలోంచి మోచేతిదాకా పాకింది. వారం రోజులుగా మూతి ముడుచుకున్న పిల్ల, "నానే ఎట్టినాను! నాన్నా, నానే!" అని లేచి గంతేసింది.

నూకరాజు జేబులోంచి సుద్దముక్క తీశాడు. తాను బిగించిన స్క్రూల పక్కన, పెట్టె లోపలి రేకు మీద, 4172 అని రాశాడు.

"అదేంది బాబాయ్?"

"వర్క్‌షాపులో నా హాజరు టికెట్ నంబరు. మా షాపులో అంతే. ఎవడు బిగించింది వాడు సుద్దతో రాయాల. రేపు బండి కింద ఏదైనా వదులైతే సూపర్‌వైజరు మరి ఎవర్నీ అడగడు. సుద్ద ఎవరిదో వాణ్ణే పిలుస్తాడు."

శ్యామలకి ఆ పద్ధతి ఎంతో నచ్చింది. పొడి లోపల రాలకుండా చూసుకోమని చెప్పి, తను బిగించిన ఆట కార్డు పక్కనా, కరెంటు డబ్బా మీదా 'శ్యామల' అని రాసి ఉఫ్‌మని ఊదింది. గోడలోంచి వచ్చే కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చి ఇచ్చేది ఆ డబ్బాయే. వైర్లు చిందరవందరగా ఉన్నాయని సత్యవాణి పూలు కట్టే దారం తెచ్చి, అన్నిట్నీ ముచ్చటగా కట్టేసింది. ఆవిడ కూడా ఒక మూల 'సత్య' అని రాసింది.

"మరి నాకు నంబరు లేదు కదా" అంది వసంత.

"పేరుందిగదే గుంటా. రాయి."

వసంత ర్యామ్ పక్కన ఉన్న రేకు మీద, పరీక్ష పేపరు మీద రాసినంత గుండ్రంగా, 'వసంత' అని రాసింది.

మధ్యాహ్నం మూడింటికి మీట నొక్కారు. బీప్ అంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ వచ్చాయి. నూకరాజు ఒక్క క్షణం కూడా ఆగలేదు. గుమ్మంలోకి వెళ్ళి లైనులో ఉన్నవాళ్ళందర్నీ పిలిచాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ పక్క తలుపు తీసి, "ఇదిగో, ఇది మా గుంట బిగించినాది" అని చూపించాడు. వసంత ఆ పూట రెండంగుళాలు పొడుగు పెరిగినట్టే తిరిగింది. పక్కింటి కృపారావు అన్నీ తిప్పి తిప్పి చూసి, "మా వాడికి కూడా ఒకటి కట్టి పెట్టమ్మా" అని శ్యామలని అడిగాడు. పరీక్షలు అవగానే కడతానని ఆమె సంతోషంగా ఒప్పుకుంది.

వెళ్తూ వెళ్తూ వసంతకి రెండే మాటలు చెప్పింది. "సాయంత్రం బల్బు ఎర్రగ అయినప్పుడు ఆన్ చెయ్యకు. పెట్టె వెనక దిక్కు చెయ్యి పెట్టకు. మిగతాది అంత నీ ఇష్టం."

అంతా బాగానే ఉంది గానీ, మర్నాడు స్కూల్లో మౌషుమి, "ఏ కంపెనీది?" అని అడిగితే మాత్రం వసంత నాలుక తడబడింది. "పెద్ద కంపెనీయే" అనేసి, శనివారం సాయంత్రం వచ్చి చూడమని పిలిచి, మాట మార్చేసింది.

సాయంత్రాలతోనే వచ్చింది చిక్కు. ఏడయ్యేసరికి క్వార్టర్స్‌లో అందరూ హీటర్లు వేస్తారు. వోల్టేజీ పడిపోతుంది. బల్బు బెల్లంముక్కలా అయిపోతుంది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. టీవీకి పాతకాలపు స్టెబిలైజర్ ఒకటి ఉంది. వోల్టేజీ తగ్గినప్పుడల్లా దాని నాబ్‌ని ఒక మెట్టు తిప్పాలి. ఇంట్లో ఆ పని వసంతదే. ఏ మెట్టు దగ్గర ఆపాలో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

శుక్రవారం సాయంత్రం నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. వసంత కంప్యూటర్ ఆన్ చేసింది. కారు రెండో మలుపు తిరగ్గానే తెర ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేసింది. మళ్ళీ ఆరిపోయింది. రేపు మౌషుమి వచ్చేది ఇదే టైముకి! ఆమె ముందు ఇలా ఆరిపోతే ఇంకేమైనా ఉందా?

వసంత పెట్టె వెనక్కి వంగి చూసింది. కరెంటు డబ్బా మీద చిన్న ఎర్రటి మీట కనిపించింది. దాని మీద 230 అని ఉంది. పక్కకి తోస్తే 115 వస్తుంది.

ఓహో, ఇదీ స్టెబిలైజర్ లాంటిదే అన్నమాట, అనుకుంది వసంత. పూర్తి కరెంటు ఉంటే 230. తగ్గినప్పుడు 115. అక్క పగలు వస్తుంది కాబట్టి ఈ సంగతి ఆలోచించి ఉండదు. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, వెనక చెయ్యి పెట్టకూడదన్న మాట గుర్తొచ్చి కూడా ఆగలేదు. స్క్రూడ్రైవర్ మొనతో మీటని పక్కకి తోసి, ఆన్ చేసింది.

ఠాప్!

దీపావళి టపాకాయ పేలినట్టు పేలింది. వెనకనించి పొగ వచ్చింది. మాడు వాసన ఇల్లంతా నిండిపోయింది. వసంత గోడ స్విచ్ ఆపి, ప్లగ్ లాగేసింది. తర్వాత, అమ్మ అడుగులు వినపడుతుండగా, ఆ ఎర్ర మీటని మళ్ళీ 230కి తోసేసింది. ఎందుకలా చేసిందో అడిగితే తనకీ తెలియదు. చెయ్యి దానంతటదే పోయింది.

"ఒలమ్మో! ఏటయింది? ఏటి సేసినావే?" సత్యవాణి గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"ఏటీ సెయ్యలేదు. ఆన్ సేసినాను, అంతే."

మర్నాడు మౌషుమికి, "కంపెనీవాళ్ళు వచ్చి చూడాలట" అని చెప్పింది. ఒక అబద్ధం మీద ఇంకొకటి పేర్చడం ఇంత తేలికని ఆమె అప్పటిదాకా ఎరగదు.

ఆదివారం శ్యామల వచ్చి, పెట్టె తెరిచి, కరెంటు డబ్బాని వాసన చూసింది. వెనక మీట చూసింది. 230 మీదే ఉంది. ప్రతి వైరూ వేలితో తడిమి చూసింది.

"డబ్బా పోయింది బాబాయ్" అంది మెల్లగా. "ఎందుకు పోయిందో సమజైతలేదు. నేనే ఎక్కడనో తప్పు జేసినట్టున్న."

"కొత్త సామాను కూడా ఒక్కోపాలి పోద్దమ్మా. నువ్వేటి సేస్తావు?"

"చాక్‌పీసు నాదే గద బాబాయ్" అని డబ్బా మీద తన పేరు చూపించి నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు. ఆ రోజు చేపల పులుసు సగంలో వదిలేసి లేచింది. కృపారావు ఇంటి ముందు సైకిల్ ఆపి ఏదో చెప్పి వెళ్ళింది. సాయంత్రం కృపారావు వచ్చి, "మా వాడికి కంప్యూటర్ కట్టలేనంది. తన చేతి మీద తనకే నమ్మకం లేదట పాపం" అని చెప్పాడు.

వసంత పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఒక్క అక్షరమూ కనిపించలేదు. హాస్టల్లో నాలుగు కంప్యూటర్లు కట్టిన అక్క చేతిలో ఏ లోపమూ లేదని లోకంలో తెలిసింది తన ఒక్కదానికే. చెప్తే నాన్న ఏమంటాడో! లైనంతా పిలిచి, "మా గుంట బిగించింది" అని చూపించిన నాన్న! ఆ నోటితోనే రేపు "మా గుంట తగలబెట్టింది" అని చెప్పుకోవాలి కదా.

బుధవారం నూకరాజు డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చాడు. అన్నం తింటూ భార్యకి ఏదో చెప్తున్నాడు. వసంత పక్కగదిలోంచి వింది.

"ఇయ్యాల తనిఖీలో ఒక బ్రేకు పిన్ను వదులుగా ఉందని పట్టుకున్నారు. సుద్ద సగం సెరిగిపోయింది. ఎవరిదీ అని అడిగితే ఒక్కడూ పలకడు. నాను ఎల్లి, నాదేనండీ అనీసినాను."

"మీదేనా మరి?"

"నాదే. నా సేతి రాత నాకు తెలీదేటి?"

"అందరి ముందరానా! సిగ్గెయ్యలేదా?"

"ఏసింది. అయితే ఏటి సేస్తాం? బాగున్నపుడు నా నంబరు, బాగోనపుడు ఇంకోడి నంబరూ అవుద్దేటి?" అని నూకరాజు మజ్జిగ పోసుకున్నాడు. "మళ్ళీ బిగించినాను. సూపర్‌వైజరు బుజం తట్టినాడు."



ఆదివారం వచ్చింది. సత్యవాణి నాలుగు కంచాలు పెట్టింది. ఒంటిగంట అయింది, రెండయింది. శ్యామల రాలేదు. "ఇంక రాదేమో" అని సత్యవాణి నాలుగో కంచం తీసి లోపల పెట్టేసింది.

కంచం గట్టు మీద చప్పుడైంది. వసంత లేచింది. అలమర మీద పెట్టిన మాడిపోయిన డబ్బా దించింది. దాని మీద 'శ్యామల' అన్న పేరు ఇంకా తెల్లగా ఉంది. గౌను అంచు నీళ్ళతో తడిపి, ఆ పేరుని ఒక్క పొల్లూ మిగలకుండా తుడిచేసింది. రేకు ఆరేదాకా ఆగింది. నాన్న చొక్కా జేబులోంచి సుద్దముక్క తెచ్చింది. రాసింది. డబ్బా తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టింది.

నూకరాజు చదివాడు. వసంత.

"ఎర్ర మీట నానే తోసినాను నాన్నా" అంది వసంత. తరవాత మాటలన్నీ గబగబా వచ్చేశాయి. ఆరిపోయిన తెర, స్టెబిలైజరు, నూట పదిహేను, ఠాప్‌మన్న చప్పుడు, మళ్ళీ వెనక్కి తోసెయ్యడం, మౌషుమికి చెప్పిన కంపెనీ కబుర్లు, అన్నీ. చెప్పడం అయ్యేసరికి ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి.

సత్యవాణి ముందు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "కరెంటుతో ఆటలేటే! నీకేటైనా అయ్యుంటే?" అని గట్టిగా ఒకటి వెయ్యబోయి, వెయ్యలేక దగ్గరికి లాక్కుంది.

నూకరాజు ఆ పేరు మీద రాలిన సుద్దపొడిని ఉఫ్‌మని ఊదాడు, శ్యామల ఊదినట్టే. తర్వాత సైకిల్ బయటికి తీశాడు.

"ఎక్కు. హిజ్లీ ఎల్దాం. నువ్వే సెప్పాల, నాను నోరెత్తను."

దారి పొడుగునా వసంత ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి కబురు పంపాడు. శ్యామల కంగారుగా వచ్చింది. వసంత డబ్బాని రెండు చేతులతో పట్టుకుని ముందుకి చాచింది. తన పేరు పైకి కనిపించేలా పట్టుకుంది.

శ్యామల చదివి, వెనక మీట వంక చూసి, మళ్ళీ వసంత వంక చూసింది. "అటు తోసినవా?"

వసంత తలూపింది. "వోల్టేజీ తగ్గింది కదక్కా. స్టెబిలైజర్ అనుకున్నాను. మళ్ళీ ఎనక్కి తోసేసినాను. నీ మీదకి వస్తాదని తెలిసి కూడా సెప్పలేదు."

శ్యామల గేటు పక్కనున్న అరుగు మీద కూలబడింది. "వారం రోజుల సంది నిద్ర పోలేదే పిల్లా! కలల గూడ వైర్లే!" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో సంతోషమో ఆమెకే తెలియనట్టుంది. ఆ తర్వాత నవ్వేసింది, ఈసారి పూర్తిగా.

"ఇగ విను. కొన్ని దేశాలల్ల కరెంటు నూట పదిహేనే వస్తది. అక్కడోళ్ళ కోసం పెట్టిన మీట అది. అటు తోస్తే, వచ్చిన కరెంటును డబ్బా లోపల రెట్టింపు చేస్తది. మన దగ్గర ఎంత తగ్గినా అటు తోయొద్దు. సమజైందా?"

"అయింది."

"తప్పు లెక్కే. కానీ లెక్కైతే కట్టినవ్" అంది శ్యామల. "బాబాయ్, కొత్త డబ్బా తెద్దం. ఈసారి ఎవరు బిగించాల్నో నేను చెప్త."

డబ్బా కొన్న కలకత్తా షాపులో గ్యారంటీ ఉందేమో అడిగి చూద్దామా అని శ్యామల అంటే నూకరాజు ఒప్పుకోలేదు. "మన సేత్తో పోయింది. వాళ్ళనేటి అడుగుతాం?" అన్నాడు.

తరువాతి ఆదివారం నాలుగు కంచాలూ నిండాయి. భోజనాలయ్యాక కిటికీ ఊచలు ముట్టుకుని వచ్చి, కొత్త డబ్బాని వసంతే బిగించింది. శ్యామల చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం, "రెండు వేళ్ళు!" అంది. డబ్బా మీద సుద్దతో తన పేరు రాసి, ఎర్ర మీట మీద వసంత తెల్ల టేపు అడ్డంగా అంటించి, '230, ముట్టకండి' అని రాసింది. పగటి వెలుగులో ఆన్ చేస్తే బీప్ అంది. మిగతా సామాను అంతా బతికే ఉంది. గుమ్మంలోంచి తొంగి చూసిన కృపారావుతో శ్యామల, "వచ్చే నెల మీ వానిది మొదలు పెడదం. వసంత గూడ వస్తది" అంది.

నూకరాజు మళ్ళీ లైనంతా పిలిచాడు. "ఒక డబ్బా పేల్చింది, ఒక డబ్బా బిగించింది. రెండూ మా గుంటే!" అని చెప్తుంటే ఆయన గొంతులో గర్వం మొదటిసారికన్నా ఎక్కువే ఉంది.

శనివారం మధ్యాహ్నం మౌషుమి వచ్చింది. కార్ల పందెంలో మూడుసార్లు ఆడి మూడుసార్లూ ఓడిపోయింది. పెట్టె చుట్టూ తిరిగి వెతికి, "బాబా రే, ఎంత స్పీడు! కంపెనీ పేరు ఎక్కడా కనపడదేం?" అని అడిగింది.

"లేదు. నేను అబద్ధం చెప్పాను" అంది వసంత. "ఇది ఏ కంపెనీదీ కాదు. మేం కట్టుకున్నది."

మౌషుమి నోరు తెరిచింది. వసంత కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి పక్క తలుపు తెరిచింది. అడ్డుపడే వెండిరంగు కాగితం ఏదీ లేదు. లోపల పూలదారంతో కట్టిన వైర్ల మధ్య తెల్లటి సుద్ద రాతలు కనిపించాయి. వసంత ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. ఇది మా నాన్న నంబరు. ఇది మా అమ్మ. ఇది శ్యామల అక్క, ఆట కార్డు బిగించింది తనే. ఇక్కడా, ఇక్కడా నేను.

మౌషుమి వంగి చూసింది. తెలుగు అక్షరాలు ఆమెకి రావు, అయినా రెండు చోట్ల ఒకే రాత ఉన్నట్టు పోల్చుకుంది. తలెత్తి చూస్తే, అలమర మీద బొమ్మలు పెట్టే చోట, మసిబారిన ఇనపడబ్బా ఒకటి కనిపించింది. దాని మీద కూడా అదే రాత.

"మరి ఆ కాలిపోయింది ఎవరిది?"

వసంత ఆ డబ్బా వైపు చూసింది. తల దించుకోలేదు.

"అదీ నాదే" అంది.